కర్త పేరు లేని కాగితాలు

పోయిన సోమవారం నా మూడో అధ్యాయం గైడ్ మేడమ్ దగ్గర నుంచి తిరిగొచ్చింది. ఆధార గ్రంథాల పట్టికలో పదకొండు చోట్ల "అజ్ఞాత రచయిత" అని రాశాను. పదకొండింటి పక్కనా ఎర్ర సిరాతో ఒకటే మాట: "వెతికావా?"

నా పరిశోధన విశాఖ తీరంలో జాలర్ల పాటల మీద. కరపత్రాలు, పేరు వేయని పత్రికా వార్తలు, పాత రిపోర్టులు చాలా వాడాల్సి వచ్చింది. అన్నిటికీ ఒకే ముద్ర కొట్టేశాను. వ్యాసం మధ్యలో (అజ్ఞాత రచయిత, 1934) అని చూసి పట్టిక తిరగేసినవాళ్లకి "అ" కింద పదకొండుమంది అజ్ఞాతలు కనిపిస్తారు. పుస్తకం పేరో వార్త పేరో తెలియకుండా లైబ్రరీలో ఏమని అడుగుతారు?

మేం పాటించేది ఏపీఏ ఏడో ఎడిషన్, అంటే ఆధారాలు ఎలా చూపించాలో చెప్పే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమాల పుస్తకం. కర్త తెలియకపోతే శీర్షికే ఆ స్థానంలోకి వస్తుంది, ఆ వెనక సంవత్సరం. వ్యాసంలో ప్రస్తావించేటప్పుడు శీర్షిక పొడుగైతే మొదటి రెండు మూడు మాటలు చాలు. "అనానిమస్" అన్న మాట రచన మీదే సంతకంలా అచ్చయి ఉంటే తప్ప మనంతట మనం రాయకూడదు. సంస్థ తయారుచేసిన రిపోర్టుకి సంస్థే కర్త. ఈ ఒక్క ముక్కతో నా పదకొండులో నాలుగు తేలిపోయాయి.

ఇంకొకటి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నా దగ్గరున్న జిరాక్సు కట్టకి మొదటి పేజీలు లేవు, ఆరో పేజీ నుంచి మొదలవుతుంది. ఎవరు రాశారో తెలియదనుకున్నాను. మంగళవారం లైబ్రరీలో అదే పుస్తకం పూర్తి ప్రతి దొరికింది. విశాఖపట్నం జిల్లా గెజిటీర్, 1907, డబ్ల్యూ. ఫ్రాన్సిస్. పేరు అట్ట తీయగానే కనిపించింది. పోయింది నా జిరాక్సులో పేజీ, కర్త కాదు.

కరపత్రాలు, వార్తలు ఐదింటికీ నిజంగానే పేరు దొరకలేదు. వాటిని శీర్షికలతో ఎక్కించాను.

మిగిలింది వల లాగే పాట. పెద జాలారిపేటలో ఒక పెద్దావిడ పాడితే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. మొన్న మళ్లీ వెళ్లి, ఈ పాట ఎవరు కట్టారమ్మా అని అడిగాను. వల చిక్కులు తీస్తూనే చెప్పింది: "ఎవులు కట్టినారో నాకేటి తెలుస్తాది తల్లీ. మా యమ్మ పాడేది, నేను పాడతన్నాను."

పాట మొదటి చరణాన్నే శీర్షికగా పెట్టి, పాడింది ఎవరు, ఎక్కడ, ఏ రోజు అన్నవి దాని కింద రాస్తానని చెప్పాను. మీ పేరు వేయొచ్చా అని అడిగితే కాసేపు వల వంకే చూసి, "మా యమ్మ పేరు కూడా ఎయ్యమ్మా" అంది.

రెండు పేర్లూ రాసుకున్నాను.