అతుకు మూడుసార్లు ఊడింది, తప్పు జిగురుది కాదు

నిన్న సాయంత్రం ఆఖరి ఇసుక చల్లి, బ్రష్ చేసి లేచాను. నడుం ఇంకా పట్టేసే ఉంది. అయినా ఇప్పుడే రాస్తున్నాను. బంకమట్టి నేల మీద, మండే ఎండలో ఆర్టిఫిషియల్ గ్రాస్ వేయించుకున్నవాళ్లు నాలా మూడుసార్లు కష్టపడకూడదు.

మా పెరట్లో ఈ గడ్డి, అదే టర్ఫ్, వేసి ఆరేళ్లయింది. నడిచే దారిలో పోచలు అణిగిపోయాయి. గేటు దగ్గర అడుగు బట్ట కనిపించేంతగా అరిగింది. మధ్యలో రెండు ముక్కలు కలిసేచోట అతుకు విడిపోయింది.

అణిగిన పోచల పని ఒక పొద్దుటితో అయిపోయింది. గట్టి నైలాన్ బ్రష్‌తో పోచ వాలిన వైపుకు ఎదురుగా దువ్వి, తగ్గినచోట సిలికా ఇసుక చల్లితే లేచి నిలబడ్డాయి. ఇనుప తీగల బ్రష్ మాత్రం వద్దు, పోచలు తెగిపోతాయి.

అరిగినచోట కొత్త ముక్క వేయలేదు. ఎండకు వెలిసిన దాని పక్కన కొత్త రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని నీళ్ల ట్యాంకు వెనక ఎవరూ చూడని మూల నుంచి పాత ముక్క కోసి ఇక్కడ వేశాను, కొత్తది అక్కడ వేశాను. ఈ ఆలోచన నాదే. ఇంటికొచ్చినవాళ్లు ఎవరూ ఆ ముక్క ఎక్కడుందో కనిపెట్టలేకపోయారు.

నన్ను ఏడిపించింది ఆ అతుకు.

మొదట విడిపోయినప్పుడు టర్ఫ్ వేసినతన్నే పిలిచాను. వంగి కూడా చూడలేదు. "మేడమ్, పిల్లల్ని దీని మీద ఆడనిచ్చారు, నీళ్లు పోశారు. మెయింటెనెన్స్ లేకపోతే ఏదైనా పాడవుతుంది" అన్నాడు, మా మామగారి ముందే. నాకు తల కొట్టేసినట్టయింది. నిజంగా నా తప్పేనేమో అని వారం రోజులు పిల్లల్ని పెరట్లో అడుగు పెట్టనివ్వలేదు. ఆ వారం తలుచుకుంటే ఇప్పటికీ కోపం ఆగదు.

నేనే అతికించడానికి కూర్చున్నాను, అదీ మిట్టమధ్యాహ్నం. ఎండలో టర్ఫ్ పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది, ప్లాస్టిక్ కాబట్టి సాగుతుంది. సాగి ఉన్నప్పుడు అంచులు చక్కగా కలిశాయి. రాత్రి చల్లబడి ముడుచుకునేసరికి, ఇంకా గట్టిపడని జిగురు అతుకును వదిలేసింది.

రెండోసారి తెల్లవారుజామునే మొదలుపెట్టాను. కింద సీమ్ టేప్ (రెండు అంచుల్నీ అడుగు నుంచి కలిపి పట్టే పట్టీ) పరిచి, పాలీయురెథేన్ జిగురు రాసి, ఒక రోజంతా బరువులు పెట్టి ఉంచాను. నెలన్నర నిలిచింది. మొదటి గట్టి వాన పడగానే అతుకుకు ఒక పక్క నేల గట్టులా లేచి, టేపును పీకేసింది. నేల ఎండాక అదే చోటు గుంట అయింది. జిగురు మంచిదే, పద్ధతీ సరైనదే. మరి ఎందుకు? రెండు రోజులు నిద్ర పట్టలేదు.

చివరికి టర్ఫ్ ఎత్తి చుట్టేశాను. కింద 2 అంగుళాల ఇసుక, దాని కింద నేరుగా బంకమట్టి. కంకర అన్నదే లేదు. మట్టిలో వేలు దూరే నెర్రెలు, ఇసుకంతా వాటిలోకి జారిపోయింది. పైకప్పు మీది వాననీరు దింపే పైపు సరిగ్గా ఆ అతుకు పక్కనే పడుతోంది. బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అతుకుకు ఒక పక్క తడిసి లేస్తుంటే ఇంకో పక్క ఎండి దిగుతోంది. మా పిల్లల కాళ్లకు దీంతో ఏ సంబంధమూ లేదు!

టర్ఫ్ వేయించేవాళ్లు పోచల పొడవు, రంగు తర్వాత అడగండి. కింద ఏం వేస్తున్నారో ముందు అడగండి. వేసేటప్పుడు దగ్గర నిలబడి చూడండి.

ముందు ఆ పైపును గోడ బయటికి మళ్లించాను. పెరడంతా తవ్వించే శక్తి లేక, అతుకు పొడవునా 6 అడుగుల వెడల్పున 6 అంగుళాల లోతు తీశాం. మట్టిని పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. అంత తేమ ఉన్నప్పుడే దిమ్మిసతో కొట్టాం. ఆపైన జియోటెక్స్‌టైల్ బట్ట పరిచాం, కంకర మట్టిలోకి దిగిపోకుండా ఆపేది అదే. దాని మీద రెండు వరుసల్లో 4 అంగుళాల కంకర, ఒక్కో వరుసను తడిపి కాంపాక్టర్‌తో తొక్కించాం. పైన అంగుళం రాతిపొడి. 8 అడుగులకు అంగుళం వాలు పెట్టాను, రసమట్టం చేత్తో పట్టుకుని నేనే చూసుకున్నాను.

అతికేటప్పుడు రెండు అంచుల్లోనూ పోచలు కుట్టిన వరుసలు రెండేసి వెనకవైపు నుంచి కోసేశాను. పోచ రెండు ముక్కల్లో ఒకే వైపు వాలేలా అడుగున చాక్‌పీసుతో బాణం గుర్తు వేసుకున్నాను. మధ్యలో 2 మిల్లీమీటర్ల సందు వదిలాను. ఒత్తేముందు పోచలు జిగురులో పడకుండా వేళ్లతో విడదీయడానికే ఎక్కువ సమయం పట్టింది.

ఇసుక చల్లకముందు రెండు వానలు చూద్దామని బరువులు పెట్టి ఆగాను. రెండో వాన మొన్న రాత్రంతా కురిసింది. పొద్దున్నే వెళ్లి అతుకుకు అడ్డంగా రసమట్టం పెట్టాను. వేసిన రోజు బుడగ ఎక్కడుందో అక్కడే ఉంది. పిల్లల్ని నేనే కేకేసి పిలిచాను.