వనపర్తి రోడ్‌లో ఆగిన పాట

మహబూబ్‌నగర్‌లో మా హాస్టల్ మొత్తానికి గిటార్ ఒకటే. అది మా సీనియర్ అన్నది. ఆయన సొంత ఊరు గద్వాల. సెలవు దొరికితే చాలు, గిటార్‌ను దుప్పట్లో చుట్టుకుని కర్నూలు ప్యాసింజర్ ఎక్కేవాడు. మనసు పడిన అమ్మాయిదేమో వనపర్తి.

ఆ దారిన పోయినవాళ్లకు తెలుసు. దేవరకద్ర, కౌకుంట్ల దాటాక వనపర్తి రోడ్ స్టేషన్ వస్తుంది. పేరుకే వనపర్తి. స్టేషన్ ఉన్నది మదనాపురం దగ్గర, పట్టణానికి పోవాలంటే మళ్లీ బస్సు పట్టుకోవాలి. రైలు అక్కడ ఆగే ఆ కాసేపే ఆయన పాటలో మొదటి చరణం.

“బోర్డు మీద నీ ఊరుంది, బోర్డు వెనక ఊరు లేదు
దిగితే బస్సు దొరుకుతుంది, దిగడానికి సాకు లేదు”

రెండో చరణం గద్వాల ముందు వచ్చే కృష్ణ వంతెన మీద.

“ఏరు దాటితే అమ్మ వండిన అన్నముంది
ఆకలి మాత్రం వెనక స్టేషన్‌లో దిగిపోయింది”

ప్రేమ అన్న మాట ఎక్కడా రాదు. నాకు నచ్చింది అదే.

వాయిద్యం కూడా అంతే పొదుపు. ఈ మైనర్ (E minor), సి, జి, డి: ఈ నాలుగు కార్డ్‌లే, అంటే కలిపి మీటే స్వరాల గుంపులే. ఈ మైనర్ నుంచి సికి మారితే మూడు స్వరాల్లో రెండు ఉన్నచోటే ఉంటాయి, మూడోది అర మెట్టు జరుగుతుంది. అందుకే పాట కదిలీ కదలనట్టు ఉండేది. జికి వచ్చి ఆగితే చెవికి ఇల్లు చేరినట్టుంటుంది. ఆయన మాత్రం డి మీదే వదిలేసేవాడు. పూర్తి చేయమని గదిలో అందరూ పోరేవారు. నేను ఆయన పక్షం.

పాలమూరుకు ఎడబాటు కొత్తది కాదు. బొంబాయి, పుణె పనులకు వలసపోయిన వాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల పాటలు విని పెరిగినవాణ్ని. వాటి పక్కన ఇది చదువుకునే కుర్రాడి సుఖమైన బాధ. ఆ మాటే ఆయనతో అన్నాను. “బాధకు కూడా టికెట్ క్లాసులుంటాయా తమ్ముడూ?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు గానీ, అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

వార్షికోత్సవం ఎండాకాలం మధ్యాహ్నం. రేకుల షెడ్డు వేడికి ఉక్కు తీగలు సాగి శ్రుతి దిగిపోతుంటే, చరణానికీ చరణానికీ మధ్య మరలు తిప్పుకుంటూనే పాడాడు. ముందు వరుస సినిమా పాట కావాలని అరిచింది. వెనక బెంచీల నుంచి మాత్రం ఈ పాటే మళ్లీ కావాలన్నారు. మళ్లీ పాడాడు, మళ్లీ డి మీదే ఆపాడు.

సంచిక కోసం పాట మొత్తం ఇమ్మని సంపాదకులు అడిగారు. నాకు గుర్తున్నవి ఈ రెండు చరణాలే. మూడోది తిరుగు ప్రయాణం గురించి. అప్పటి గది మిత్రుల నోటుపుస్తకాల్లో ఎక్కడైనా ఉంటే, వచ్చే సంచికలోపు పంపండి.