ఖాళీగా వదిలిన మూడో మడి

రాత్రి కురిసిన వాన తెల్లవారేసరికి వెలిసింది. ఉత్తర కార్తె నడుస్తున్నది; పెత్రమాసకు ఇంకా వారం ఉన్నది. తడి నేలలో కలుపు వేరుతో సహా వస్తుంది కాబట్టి, చాయ కూడా తాగకుండా హనుమకొండ శివారులోని మా ఇంటి పెరట్లోకి కుర్పి పట్టుకుని వెళ్లాను.

మూడో మడిలో బెండ అయిపోయి పదిహేను రోజులైంది. చెట్లు పీకి, తరువాతి విత్తనం ఆదివారం వేద్దామనుకుంటూ రెండు ఆదివారాలు గడిపేశాను. ఆ కాస్త వ్యవధిలోనే తుంగ, గరిక, గలిజేరు మడినంతా పంచుకున్నాయి. పక్కనే బబ్బెర తీగ నేలను కప్పిన మడిలో మాత్రం వెతికినా నాలుగు మొక్కలకు మించి కలుపు లేదు. మట్టీ వానా రెంటికీ ఒకటే. తీగ నీడ ఉన్న చోట కలుపు గింజకు ఎండ దొరకలేదు, అంతే.

తుంగతోనే ఎక్కువ సేపు పట్టింది. పైన పట్టి లాగితే ఆకు తెగి వస్తుంది, గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది. అందుకే ఒక్కొక్క గడ్డనూ తవ్వి తీశాను. తప్పిపోయినవి మొలిచిన ప్రతిసారీ, కొత్త గడ్డలు పడకముందే తీస్తూ పోతే తప్ప దాని బలం తగ్గదు. గంగవాయిలి కూర దొరికినంతా పప్పులోకి ఇచ్చాను. గట్టు మీది గునుగు మీద చేయి వేయగానే అమ్మ ఆపింది: "అది పీకకు బిడ్డా, బతుకమ్మకు ఉండనియ్యి." గునుగు చేనుకు కలుపే, ఒక్క మొక్క రాల్చే సన్నని నల్ల గింజలకు లెక్క ఉండదు, కానీ గింజ రాలకముందే పువ్వు కోసి బతుకమ్మలో పేరిస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది.

తరువాత నోటుబుక్కు తెరిచాను. ఐదో మడిలో రెండేళ్ల క్రితం టమాట మొక్కలు పచ్చగా ఉండగానే వాడిపోయాయి. కాండం కోసి గ్లాసు నీళ్లలో ముంచితే పాల వంటి దారం దిగింది. అది బాక్టీరియా ఎండు తెగులు గుర్తు. పంట మార్చానన్న నమ్మకంతో నిరుడు అక్కడ వంగ పెట్టాను, అదీ పోయింది. టమాట, వంగ, మిరప ఒకే కుటుంబం మొక్కలన్న సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు, ఆ తెగులేమో మట్టిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఈసారి అక్కడ మక్కలు వేస్తాను. టమాట నారును బబ్బెర మడికి తీసుకుపోతాను. తీగలను మొదలుకంటా కోసి, నత్రజనిని పట్టి ఉంచిన వేరు బుడిపెలను మట్టిలోనే వదిలేస్తాను.

మూడో మడిని మూడు భాగాలు చేశాను. నిరుడు ధనియాలన్నీ ఒకే రోజు చల్లి, కొత్తిమీర ఒక్కసారే వచ్చి ఇంట్లో కుళ్లిపోతే, తరువాత నెల రోజులు కొనుక్కున్నాము. ఈ రోజు మొదటి భాగంలోనే మెంతులు, రెండు బద్దలుగా నలిపిన ధనియాలు చల్లాను. మెంతికూర నెల లోపే కోతకు వస్తుంది, కొత్తిమీరకు దాదాపు నలభై రోజులు కావాలి. తక్కిన రెండు భాగాలు ఖాళీగా ఉండకుండా, గింజలు దులిపిన వరిగడ్డి మందంగా పరిచాను. రెండో భాగం విత్తడానికి పదిహేను రోజుల గడువు రాసుకుని చూస్తే, అది సరిగ్గా సద్దుల బతుకమ్మ నాడు పడింది. ఆ ఉదయం గునుగు కోయడానికి ఎలాగూ గట్టు మీదికి వస్తాము.