మూలపాడు కొండ కింద తప్పిన దారి

పటం చూసుకుంటూ అడవిలో గుర్తులను వెతికే ఓరియెంటీరింగ్ అనే ఆటను మౌంటెన్ బైక్ మీద, అంటే కొండబాటల సైకిలు మీద కూడా ఆడతారనీ, దానికి 2002లోనే ఫ్రాన్సులో తొలి ప్రపంచ పోటీలు జరిగాయనీ మా బావమరిది చెప్పేదాకా నాకు తెలియదు. హ్యాండిల్ మీద పటాన్ని బిగించి, ఎటు కావాలంటే అటు తిప్పుకొనే పలక ఒకటి ఈ ఆటకు అవసరం. ఆన్‌లైన్‌లో దాని ధర చూసి, మా అమ్మాయి పరీక్ష అట్టకు మధ్యలో రంధ్రం చేయించి బోల్టు వేయించుకున్నాను. ఆ ఒక్క బోల్టుకు సైకిల్ షాపతను 150 రూపాయలు తీసుకోవడం ఇప్పటికీ మింగుడుపడలేదు.

విజయవాడ బెంజి సర్కిల్ నుంచి మూలపాడు దాకా లారీల పొగ తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. కొండ పాదం వెంబడి సాగే బండిబాటల్లో బావమరిది ముందురోజు సాయంత్రమే అయిదు చోట్ల నారింజ రంగు రిబ్బన్లు కట్టి, ఒక సెంటీమీటరుకు 150 మీటర్ల చొప్పున తానే పటం గీసి ఉంచాడు. ఈ ఆట పటంలో తెగని గీత ఉంటే సైకిలు వేగంగా పోతుందని, గీత ముక్కలయ్యే కొద్దీ బాట పాడవుతుందని, చుక్కలుగా మారితే దాదాపు దిగి నడవవలసిందేనని అర్థం. అడ్డదారిన పడకుండా బాటల మీదే సాగుతూ, గుర్తులను వరుస తప్పకుండా అందుకోవాలి. జీపీఎస్ చూసి దారి పట్టడం నిషిద్ధం.

మొదటి రెండు రిబ్బన్లు సులువుగానే దొరికాయి. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి, గుంతల మీద అట్ట దానంతట అదే తిరిగిపోయిందో, లేక నేనే తిప్పానో గానీ, అరగంట తొక్కినా పటంలోని వాగు ఎదురుకాలేదు. వీపు మాత్రం చురుక్కుమంటోంది. అప్పుడు కనిపించిన మేకల కాపరిని పెద్దాయనా అని పిలిచి, వాగు ఎటని అడిగాను.

"తూరుపున ఉంది బాబూ. మీరు పడమరకు పోతన్నారు. కొండ ఉత్తరాన గదా, తూరుపుకు పోయేవాడికి అది ఎడం చేతి పక్కన ఉండాల."

కొండ నా కుడి పక్కన ఉంది, పొద్దు నా వీపున ఉంది. పటాన్ని ఎప్పుడూ ఉత్తరానికి సరిచేసి పట్టుకోవడమే ఈ ఆటలో మొదటి పాఠమని బావమరిది ముందురోజు మూడుసార్లు చెప్పాడు. స్థలం కొనేటప్పుడు ఈశాన్యాన్ని అంగుళాలతో సహా కొలిపించిన నేను, సూర్యుడు ఎటున్నాడో కూడా చూసుకోకుండా అరగంట తొక్కాను.

సైకిలు వెనక్కి తిప్పబోతుంటే, ఆయన మందలోని ఒక పిల్ల మెడలో నారింజ రంగు రిబ్బను కనిపించింది. తెల్లవారుజామున ఒక తుమ్మ చెట్టుకు కట్టి ఉంటే ముచ్చటపడి విప్పానని చెప్పాడు. ఆ చెట్టు ఎక్కడని అడిగితే, కర్ర ఎత్తి తూర్పుకే చూపాడు.