కరెంటు యూనిట్ నుంచి ఎలక్ట్రాన్ వోల్ట్ దాకా: నేను లెక్క వేసే తీరు

బరంపురం నుంచి ఛత్రపురం వైపు వెళ్తే సముద్రపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, అందులో థోరియం అనే రేడియోధార్మిక లోహం. ఇటు కొరాపుట్ కొండల్లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. థోరియం పరమాణువు విడిచే శక్తిని మెగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో చెప్తారు (ఎలక్ట్రాన్ వోల్ట్, పొట్టిగా ఈవీ, పరమాణువుల స్థాయిలో వాడే చాలా చిన్న శక్తి కొలత), మాచ్‌ఖండ్ కరెంటును మిలియన్ యూనిట్లలో చెప్తారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాలంటే నాది ఎప్పుడూ ఒకటే దారి: మధ్యలో శక్తికి ప్రామాణిక కొలత అయిన జౌల్ దగ్గర ఆగడం. యూనిట్ నుంచి నేరుగా ఈవీకి దూకితే, పది మీది ఘాతం ఎక్కడ జారిపోయిందో తర్వాత ఎంత వెతికినా దొరకదు.

ముందు శక్తినీ సామర్థ్యాన్నీ (సెకనుకు ఎంత శక్తి అనేదాన్ని) విడదీస్తాను. మాచ్‌ఖండ్‌లో 17 మెగావాట్ల యంత్రాలు మూడు, 23 మెగావాట్లవి మూడు, మొత్తం 120 మెగావాట్లు. ఇది సామర్థ్యమే, శక్తి కాదు. ఆరూ 24 గంటలు నిండుగా తిరిగితే 2,880 మెగావాట్ అవర్లు, అంటే 28.8 లక్షల యూనిట్లు. పేపర్లో అదే 2.88 మిలియన్ యూనిట్లు అని వస్తుంది. మిలియన్‌ను కోటి అనుకుని పదింతలు పెంచేసేవాళ్లు చాలామంది. అందుకే కాగితం పైమూలన లక్ష 10⁵, మిలియన్ 10⁶, కోటి 10⁷ అని రాసుకున్నాకే లెక్క మొదలుపెడతాను.

ఒక యూనిట్ అంటే 1,000 వాట్లు, 3,600 సెకన్లు. గుణిస్తే 3.6 × 10⁶ జౌళ్లు. ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ 1.602176634 × 10⁻¹⁹ జౌల్. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని స్థిరసంఖ్యగా నిర్ణయించడంతో 2019 మే 20 నుంచి ఇది కచ్చితమైన విలువ. చేతి లెక్కకు 1.602 చాలు. అంకెలను వేరుగా, ఘాతాలను వేరుగా చూస్తాను: 3.6ను 1.602తో భాగిస్తే 2.247, ఘాతం 6 లోంచి మైనస్ 19 తీసేస్తే 25. యూనిట్‌కు 2.247 × 10²⁵ ఈవీ.

క్యాలిక్యులేటర్ మీద మాత్రం ఇక్కడే ఎక్కువమంది పడిపోతారు. 3.6 × 10⁶ ÷ 1.602 × 10⁻¹⁹ అని వరసగా నొక్కితే, మిషన్ ముందు 1.602తో భాగించి ఆ తర్వాత 10⁻¹⁹తో గుణిస్తుంది. తెర మీద 2.247 × 10⁻¹³ కనిపిస్తుంది. అంకెలు సరిగ్గానే ఉన్నాయి కదా అని అనుమానం కూడా రాదు, తేడా మాత్రం 10³⁸ రెట్లు. కింది సంఖ్య మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టాలి, లేదా ఘాతానికి ఎక్స్‌ప్ మీట వాడాలి. కుంచంతో కొలిచిన బియ్యాన్నే అంతకంటే చిన్నదైన గిద్దతో కొలిస్తే లెక్క పెరగాలి, తగ్గిందంటే ఎక్కడో తప్పు పడ్డట్టే. జవాబు రాగానే నేను మొదట చూసేది అదే. ఎక్సెల్‌లో అయితే గడిని నంబర్ ఫార్మాట్‌లో వదిలేయొద్దు, 1.602 × 10⁻¹⁹ కాస్తా 0.00 అని కనిపిస్తుంది. సైంటిఫిక్‌కు మార్చాలి.

మెగా ఈవీకి పెద్ద ఎం, మిల్లీ ఈవీకి చిన్న ఎం. చేతిరాతలో ఈ రెండూ కలిసిపోతే తేడా వంద కోట్ల రెట్లు. కెమిస్ట్రీ లెక్కల్లో మోల్‌కు (సుమారు 6.022 × 10²³ కణాలకు) కిలోజౌళ్లు ఇస్తే 96.485తో భాగిస్తాను, ఒక్కో కణానికి ఎన్ని ఈవీలో వస్తుంది.

ఇప్పుడు బొగ్గు. స్వచ్ఛమైన కార్బన్ మండితే మోల్‌కు 393.5 కిలోజౌళ్లు, పరమాణువుకు 4.08 ఈవీ. థోరియం-232 పరమాణువు ఒకటి ఆల్ఫా కణాన్ని విడిచి క్షయమైతే వచ్చేది 4.08 మెగా ఈవీ. అంకెలు అవే, మధ్యలో తేడా 10 లక్షల రెట్లు! నాకు చాలా ఇష్టమైన పోలిక ఇది. ఒక యూనిట్ వేడికి 5.5 × 10²⁴ కార్బన్ పరమాణువులు మండాలి, అంటే దాదాపు 110 గ్రాములు. థోరియం అయితే 5.5 × 10¹⁸ క్షయాలు చాలు.

అలాగని ఇసుక గుప్పిట్లో పట్టుకుంటే కరెంటు రాదు. థోరియం అర్ధాయువు, అంటే ఉన్న పరమాణువుల్లో సగం క్షయం కావడానికి పట్టే కాలం, సుమారు 1,400 కోట్ల ఏళ్లు. గ్రాము థోరియంలో సెకనుకు సుమారు 4,060 పరమాణువులే క్షయమవుతాయి. 4,060ని 4.08 మెగా ఈవీతో గుణించి జౌళ్లలోకి మారిస్తే 2.65 × 10⁻⁹ వాట్. ఈ లెక్కన ఆ గ్రాము నుంచి ఒక్క యూనిట్ వేడి రావడానికి 4.3 కోట్ల ఏళ్లు పడుతుంది. థోరియం నుంచి పుట్టే రేడియం లాంటివి కూడా వరసగా క్షయమవుతూనే ఉంటాయి కాబట్టి, పాత మోనజైట్‌కు లెక్క వేసేటప్పుడు 4.08 బదులు శ్రేణి మొత్తానికి సుమారు 40 మెగా ఈవీ వేస్తాను. అప్పుడు గడువు దాదాపు పదో వంతుకు దిగుతుంది.