జీడితోట దాటాక విరిగిన హ్యాంగర్

మా వాడు ఇంజినీరింగ్‌కి చెన్నై వెళ్ళిపోతూ బాల్కనీలో సైకిలు వదిలేసి వెళ్ళాడు. 27.5 అంగుళాల చక్రాలు, ముందు సస్పెన్షను, వెనక తొమ్మిది పళ్ళచక్రాలు. ఆర్నెల్లు దాని మీద తువ్వాళ్ళు ఆరేశాను. ఓ ఆదివారం తువ్వాలు తీస్తుంటే చెయిను ఎర్రగా కనబడింది. విశాఖ మధురవాడలో మా ఇంటి నుంచి సముద్రం కనబడదు గానీ ఉప్పుగాలికి ఆ సంగతి పట్టదు కదా. పోతుందే అని తుడిచి, నూనె వేసి, సెల్లార్లో ఒక రౌండు వేశాను.

అది మూడేళ్ళ కిందటి మాట. ఇప్పుడు నాకు 47. ఆదివారాలు తెల్లారకుండా నేను బయల్దేరుతుంటే మా వీధి కుక్కలు తల ఎత్తడం కూడా మానేశాయి.

నేను వెళ్ళేది భీమిలి వైపు. బీచ్ రోడ్డు మీద తొక్కేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, సన్న టైర్లు, రంగురంగుల జెర్సీలు. నాకు ఆ తారు మీద నాలుగో కిలోమీటరుకే విసుగొస్తుంది. మంగమారిపేట దాటాక రోడ్డుకి ఎడమ పక్క చిన్న దారులు మొదలవుతాయి. మేకలు వేసినవి, కల్లుగీసే వాళ్ళు వేసినవి, తోటల్లోకి పోయేవి. సైకిళ్ళ కోసం ఎవరూ వేసినవి కావు. ఇంటర్నెట్‌లో చూసే వీడియోల్లో లాగా చెక్క వంతెనలూ బాణం గుర్తులూ ఏమీ ఉండవు. దారి ఉన్నట్టుండి ఒకరి పశువుల పాకలో తేలుతుంది. అప్పుడు నవ్వి, వెనక్కి తిప్పుకోవాలి.

ఈ నేల గురించి నేను నేర్చుకున్నదంతా పడి నేర్చుకున్నదే. మన కొండలు ఎక్కువగా ఖోండలైట్ రాయి. ఎండకీ వానకీ అది మెత్తబడి, చితికి, ఎర్రమట్టీ గులకా అవుతుంది. ఎండాకాలం ఆ గులక మీద వాలు దిగడమంటే గచ్చు మీద కందులు పోసి నడవమన్నట్టే. ముందు బ్రేకు గట్టిగా పట్టానా, చక్రం తప్పుకుంటుంది, నేను అక్కడే ఉంటాను. వాన పడితే అదే మట్టి టైరుకి అట్టులా అంటుకుని ఫోర్కు సందులో బిగిసిపోతుంది. సైకిలు భుజానికెత్తుకుని నడవడమే. సరుగుడు తోటల్లో ఇంకో రకం మోసం. రాలిన ఆకు పరుపులా మెత్తగా ఉంటుంది, మలుపు తిరిగితే మాత్రం నూనె పోసినట్టు జారుతుంది.

టైర్లో గాలి రోడ్డు మీద 40 పీఎస్ఐ పెడతాను. ఇసుక రాగానే దిగి, 22 దాకా వదిలేస్తాను. టైరు పక్కకి పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. చిల్లులన్నాను గనక చెప్పాలి, నా అసలు శత్రువు పల్లేరు కాయ. సర్కారు తుమ్మ ముల్లు కనీసం కనబడుతుంది. పల్లేరు కాయ ఎటు తిరిగి పడినా ఒక ముల్లు ఆకాశం వైపే చూస్తుంటుంది. ఒక్కరోజు ముందు చక్రంలో ఐదు పీకాను. ఆ సాయంత్రమే ట్యూబుల్లోకి సీలెంట్ పోయించాను, చిల్లు పడితే లోపలి నుంచే గట్టిపడి పూడ్చే ద్రవం. మావారు "నీ రక్తపరీక్షల ఉద్యోగం సైకిలు దాకా వచ్చిందే, దానికీ గడ్డకట్టే మందు పోశావా" అన్నారు. ఏడాదికి ఆయన వేసే మంచి జోకు అదొక్కటే, అందుకని రాశాను.

తొట్లకొండకి వెళ్ళే దారి తారుదే, 128 మీటర్ల ఎత్తు. అక్కడ పరీక్ష టైర్లకి కాదు, ఊపిరికి. పైన రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి, పేరు వాటి వల్ల వచ్చిందే. సుమారు 2000 ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు వాన నీళ్ళు పట్టుకున్న తొట్లవి. 1988లో తవ్వకాలు మొదలయ్యేదాకా అంతా మట్టి కిందే ఉంది. మొదటిసారి ఎక్కినప్పుడు, రెండు లీటర్ల నీళ్ళు సగం దారిలోనే అయిపోయిన నేను ఆ తొట్ల ముందు చాలాసేపు కూర్చున్నాను.

ఇక ఎర్రమట్టి దిబ్బలు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. తీరం వెంట దాదాపు ఐదు కిలోమీటర్లు పరుచుకున్న ఎర్ర ఇసుక. వాన కోసిన గోతులు, వంపులు, నిలువు గోడలు. కొండసైకిలు చేతిలో ఉన్నవాళ్ళకి అవి చూడగానే కాళ్ళు ఆగవు. మొదటి ఏడాది నాకూ ఆగలేదు. ఒక గోతిలోకి సర్రున దిగి, ఎదురు గోడ ఎక్కి, అరిచాను కూడా. నెల తర్వాత, రెండు వానలు పడ్డాక అటు వెళ్ళి చూస్తే నా టైరు గీసిన చారలోంచే నీళ్ళు పారి, జానెడు లోతు కాలవ తెగి ఉంది. ఆ ఇసుకని పట్టి ఉంచే బలం తక్కువ. వేల ఏళ్ళుగా పేరుకున్నది, 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించినది. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప లేవంటారు. నా వంతు అందులో ఒక కాలవ. ఇప్పుడు సైకిలు రోడ్డు పక్కనే తాళం వేసి, చెప్పులేసుకుని నడిచి వెళ్తాను. తొక్కుతున్న కుర్రాళ్ళు కనబడితే చెబుతాను. "ఆంటీ, మీకెందుకు" అంటారు. అననివ్వండి.

జీడితోటల సంగతి వేరు. ఫిబ్రవరి నుంచి మే దాకా తోటంతా పండి రాలిన జీడిమామిడి పళ్ళ పులిసిన వాసన, కల్లు ముంత ఒలికినట్టు. మొన్న మార్చిలో ఒక తోటలో, కాలిబాట బాగుంది కదా అని ఊపుగా వస్తున్నాను. చెట్టు కింద వంగి ఏరుతున్న ఒకామె నడుం మీద చెయ్యేసుకుని లేచింది.

"ఓలమ్మా, ఆగు తల్లీ! పిక్కలన్నీ ఇసకలోకి తొక్కేస్తన్నావు."

చూస్తే నిజమే. ఏరి పెట్టిన కుప్ప కాదు గానీ, రాలినవి రాలినట్టున్న జీడిపిక్కలు నా టైరు కింద పాతుకుపోయాయి. సైకిలు పడుకోబెట్టి, గంటసేపు ఆమెతో పాటు ఏరాను. పండు నుంచి పిక్కని మెలితిప్పి ఊడదీయడం చూపించింది. అప్పటి నుంచి ఆ నాలుగు నెలలూ తోటల్లో దిగి నడుస్తాను. దిగి నడిస్తే కనబడేవి కూడా ఉంటాయి లెండి. ఆ తోట చివర 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి పడిపోయిన జీడిచెట్టు ఒకటుంది, పడుకునే కాపు కాస్తోంది. ఆమే చూపించింది.

హ్యాంగర్ విరిగింది ఆ తోట దాటాకే. కొట్టేసిన కొమ్మ మొదలొకటి వెనక గేరు మార్చే యంత్రాన్ని పట్టుకుంది. టప్‌మని చప్పుడు, చక్రం బిగుసుకుపోయింది. హ్యాంగర్ అంటే ఆ యంత్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క. బొటనవేలంత ఉంటుంది. దెబ్బ తగిలితే ఫ్రేము బదులు తను విరగాలని పెట్టినది. దాని పని అది చేసింది. ఇంటికి పద్దెనిమిది కిలోమీటర్లు, ఫోన్లో సిగ్నల్ లేదు.

తోసుకుంటూ రోడ్డెక్కి, నేరెళ్ళవలస దగ్గర తాటాకు నీడలో ఒక సైకిలు షాపు చూశాను. షాపంటే ఒక పంపు, ఒక బేసిన్లో నీళ్ళు, వేలాడుతున్న రెండు టైర్లు. డెబ్బై దాటిన పెద్దాయన.

"బాబాయ్, ఇది చూస్తారా?"

ఆయన చుట్టూ తిరిగి చూశారు. "ఏటమ్మా, ఎనకాల ఇన్ని సక్రాలు దేనికి?"

"కొండలెక్కడానికి."

"మేం ఎక్కలేదేటి?"

వేలాడుతున్న యంత్రాన్ని విప్పి నా చేతిలో పెట్టారు. చెయిను ఒక మేకు, సుత్తితో తెంపారు. మధ్యలో ఉన్న పళ్ళచక్రం మీద చుట్టి, ఎక్కువైన లింకులు తీసేసి, మళ్ళీ అదే మేకుతో అతికారు. నేను ఇంటర్నెట్‌లో రెండుసార్లు చూసి, ధైర్యం చాలక వదిలేసిన పని అది. ఇరవై నిమిషాలు పట్టలేదు. గేర్లు లేవు, ఒకటే చక్రం.

"ఇప్పుడయ్యింది సైకిలు," అన్నారు.

ఎంతివ్వాలంటే ముప్ఫై అన్నారు. వంద ఇస్తే డెబ్బై లెక్కపెట్టి వెనక్కిచ్చారు. ఎదురుగాలి, ఒకటే గేరు. వేసవిలో ఆ నైరుతి గాలి పోయేటప్పుడు వీపు తడుతుంది, వచ్చేటప్పుడు గుండెల మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. రెండు గంటలు పట్టింది, తొడలు మూడు రోజులు నొప్పెట్టాయి.

కొత్త హ్యాంగర్ ఆన్‌లైన్‌లో రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. రెండు తెప్పించి, ఒకటి సీటు కింద సంచిలో పెట్టుకున్నాను. పై ఆదివారం పెద్దాయనకి చూపిద్దామని ఆగాను. కొత్తదీ విరిగినదీ రెండూ అరచేతిలో పెట్టుకుని, కళ్ళజోడు పైకి తోసి చూశారు.

"ఇరగడానికే సేసినారా దీన్ని?"

"అవును బాబాయ్."

"కొన్నోడికి ముందే సెప్తారా?"

లేదన్నాను. విరిగిన ముక్క తన మేకుల డబ్బాలో పడేసుకున్నారు, అడగకుండానే.