చెరువు మట్టిలోంచి లేచిన నీరటి

మొదటి బొమ్మకు రెండు కొమ్ములు పెట్టాను. కోరలు పెట్టాను. మెడకు రెండు పక్కలా మొప్పల్లాగా చీలికలు, వీపు మీద ముళ్లు, ఒళ్లంతా ఆకుపచ్చ. ప్రోస్థెటిక్ మేకప్ కోర్సులో మాకిచ్చిన ఆఖరి ప్రాజెక్టు అది. ఎవరికి వాళ్లు ఒక జీవిని ఊహించుకుని, క్లేతో చేసి, అచ్చు తీసి, సిలికాన్ పోసి, ఒక మనిషి ముఖానికి అతికించి చూపించాలి. మా సార్ నా కాగితాన్ని చాలాసేపు చూశారు. "ఇది నీళ్లలో ఉంటదా, బయట ఉంటదా?" అన్నారు. రెండు చోట్లా ఉంటుందన్నాను. "మరి ఊపిరి ఎట్లా తీస్తది?" నా దగ్గర జవాబు లేదు.

ఆ శనివారమే నర్సంపేట బస్సెక్కాను. మాది చెరువును నమ్ముకున్న ఇల్లు. నాయిన ఇప్పటికీ చీకటితోనే లేచి వల తీయడానికి పోతాడు. నేను గీయాలనుకున్న జీవి కూడా మా చెరువుదే, పేరు నీరటి. నీరటి అంటే తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎంత నీరు పారాలో చూసుకునే మనిషి. వానలు గట్టిగా పడ్డ రాత్రుల్లో కట్ట మీదే కాపలా. మా చిన్నప్పుడు అవ్వ కొర్రమట్ట గురించి, అదే కొర్రమీను గురించి, చెప్తుండేది: "చెరువు ఎండినా అది యాడికి పోదు బిడ్డా, మట్టిల పండుకుంటది." ఆ మాటకు నేను కల్పించుకున్నదే ఈ నీరటి. చెరువు ఎండితే అడుగు మట్టిలో పడుకుంటాడు. తొలకరికి లేచి తూము దగ్గరికి నడుస్తాడు.

ఇంత కథ మనసులో పెట్టుకుని, తీరా గీసేటప్పుడు ఎక్కడెక్కడివో సముద్ర రాక్షసులను గీశానన్నమాట.

పొద్దున నాయిన తెచ్చిన తట్టలోంచి ఒక కొర్రమీనును నీళ్ల బకెట్‌లో వేసుకుని ముందు కూర్చున్నాను. కిలోకు కొంచెం తక్కువుంటుంది. తల బల్లపరుపుగా, పాముది లాగా. తల మీది పొలుసులు ఒంటి మీది వాటికంటే పెద్దవి, పెంకులు పేర్చినట్టు. కింది దవడ పై దవడను దాటి ముందుకు వచ్చి ఉంది. కదలకుండా అడుగున ఉన్నది ఉన్నట్టుండి పైకి లేచి, మూతి బయట పెట్టి, గుటుక్కున గాలి మింగి, మళ్లీ అడుక్కు పోయింది. ఫోన్‌లో టైం పెట్టి చూశాను. ఒకసారి నిమిషంలోపే వచ్చింది, ఇంకోసారి నాలుగు నిమిషాలు పట్టింది. నాయిన బీడీ ఆర్పి పక్కన కూర్చున్నాడు. "వలల ఇరికి మీదికి రాకుంటె నీళ్లలనే సస్తదిది. దీనికి గాలి గావాలె," అన్నాడు.

చేప నీళ్లలో ఊపిరాడక చస్తుంది! చెరువింట్లో పుట్టి నేను ఏనాడూ దాని గురించి ఆలోచించలేదు. పెద్దయ్యాక కొర్రమీనుకు మొప్పలొక్కటే సరిపోవు. వాటి పైన తలలోనే గాలి నింపుకునే గది ఒకటి ఉంటుంది. ఒళ్లు తడిగా ఉంటే చాలు, నీళ్లు లేకపోయినా ఎంతోసేపు బతికేది అందుకే. బతికున్న దాన్నే బజారుకు తెచ్చి అమ్మేదీ అందుకే.

హైదరాబాద్ వచ్చాక మెడ మీది చీలికలు మొత్తం తీసేశాను. వాటి బదులు దవడ వెనక, చెవుల కింద, రెండు పక్కలా లోపల గాలి ఉన్నట్టు ఉబ్బు పెట్టాను. కొమ్ములు పోయాయి, ముళ్లు పోయాయి. ఆకుపచ్చ కూడా పోయింది, ఎందుకంటే మా చెరువు ఎండిన మేర ఎక్కడా ఆకుపచ్చ లేదు. బూడిద రంగు పెళ్లలు, వాటి కింద ఇంకా తడి ఆరని నల్లమట్టి. ఒక పెళ్లను పాలిథిన్ కవర్లో చుట్టి తెచ్చుకున్నాను. రంగులు కలిపినన్ని రోజులూ అది నా టేబుల్ మీదే ఉంది.

ముఖం ఇచ్చింది కృష్ణానగర్‌లో మా హాస్టల్ వెనక వీధిలో ఉండే ఒక జూనియర్ ఆర్టిస్ట్ తమ్ముడు. బాగా సన్నని ముఖం. కావాలనే వెతుక్కున్నాను. ప్రోస్థెటిక్‌తో ముఖానికి ఎంతైనా కలపొచ్చు గానీ, ఉన్నదాంట్లో ఇసుమంత కూడా తీయలేం. వెడల్పు తల చేయాలంటే కింద లోతు చెంపలుండాలి. ముఖం అచ్చు తీయడానికి పూసే ఆల్జినేట్ పొడి మే నెల ఎండలకు కలుపుతుండగానే గడ్డకట్టేస్తుందని ఐసు వేసిన నీళ్లతో కలిపాను. చల్లని నీళ్లయితే ఇంకో రెండు నిమిషాలు చేతికి దొరుకుతాయి. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రం బ్రష్ పక్కన పెట్టి వేలితోనే పూశాను. తమ్ముడు అంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు, బాగానే ఉంటే ఒకసారి నొక్కాలని మా ఒప్పందం.

ఆ అచ్చులో డెంటల్ స్టోన్‌తో, అంటే గట్టి ప్లాస్టర్ లాంటి దాంతో, పోసిన ముఖం మీద పదహారు రోజులు క్లే పని. తల మీది పెంకులు ఒక్కొక్కటి చెక్కాను. నోటి చుట్టూ మాత్రం క్లేను పేపరంత పలచగా లాగాను. అక్కడ మందమైతే కింద మనిషి ఎంత నటించినా పైకి కనిపించదు. మొత్తాన్ని ఒకే తొడుగుగా చేయాలని మొదట అనుకున్నా, తర్వాత నాలుగు ముక్కలు చేశాను. నుదురు, రెండు దవడలు, గొంతు. ఇలా ఒక ముక్క అంచు మీద ఇంకో ముక్క వచ్చేలా అతికించే పద్ధతిని నిలబెట్టింది అమెరికన్ మేకప్ కళాకారుడు డిక్ స్మిత్. ఆయన 1922లో పుట్టి 2014లో పోయారు, 2011లో గౌరవ ఆస్కార్ అందుకున్నారు. తన పద్ధతులను దాచుకోకుండా అడిగినవాళ్లందరికీ చెప్పారంటారు. నాలాంటి దాని దాకా ఈ పని వచ్చిందంటే ఆయన చలవే. ఏనాడూ చూడని ఆ పెద్దాయనకు అచ్చు కట్టేముందు మనసులో దండం పెట్టుకున్నాను.

సిలికాన్ పోసిన రోజు మాత్రం ఏడ్చాను. కలిపితే గట్టిపడే ఏ, బీ భాగాలు రెండూ సమానంగా తూచాను, మెత్తదనానికి డెడ్‌నర్ అనే ద్రవం కలిపాను, అచ్చు మూశాను. తెల్లారి తెరిస్తే దవడ ముక్కలు బంకబంకగా వేళ్లకు అంటుకున్నాయి. ఆరనే లేదు. నెల మెస్ డబ్బులు ఆ అచ్చులో ఉన్నాయి. క్లే గంధకం లేనిదే, తూకం సరైనదే. సార్ వచ్చి నా చేతులకేసి చూశారు. రబ్బరు గ్లౌజులు! లేటెక్స్ గ్లౌజుల్లో ఉండే గంధకం తగిలితే ప్లాటినం సిలికాన్ గట్టిపడదు. ఆ గ్లౌజులతోనే అచ్చు లోపల అంతా తుడిచాను. క్లాసులో రాసుకున్న ముక్కే, పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. అచ్చును మూడుసార్లు ఆల్కహాల్‌తో కడిగి, నైట్రైల్ గ్లౌజులు తొడుక్కుని మళ్లీ పోశాను. ఈసారి గొంతు ముక్కలో డెడ్‌నర్ ఇంకొంచెం పెంచాను. గాలి మింగేటప్పుడు కదలాల్సింది అదే మరి.

అతికించడానికి నాలుగు గంటలు పట్టింది. అంచులు కరిగించి, రంగు వేసి, పైన ముల్తానీ మట్టి చల్లాను. ఆరుతుంటే గొంతు మడతల్లో నా టేబుల్ మీది పెళ్ల లాగే పగుళ్లు వచ్చాయి. నేను చెక్కినవి కావవి. బకెట్‌లో చేప వీడియో తమ్ముడికి ముందే చూపించి ఉన్నాను. స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడు. ఎవరో ఫోన్ చూసుకుంటున్నారు, ఎవరో మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి తల పైకెత్తి, మూతి తెరిచి, గుటుక్కున మింగాడు. గొంతు ముక్క కిందికి జారి, చెవుల కింది ఉబ్బు కొంచెం కదిలింది. గదిలో మాటలు ఆగిపోయాయి. మళ్లీ ఎప్పుడు మింగుతాడా అని అందరూ అతన్నే చూస్తున్నారు.

ఆ రాత్రి వీడియో నాయినకు పంపాను. అవ్వను పిలిచి చూపించాడట. అర్ధగంట తర్వాత ఫోన్ చేశాడు. "గాలి మింగుడు మంచిగొచ్చింది బిడ్డా. మన చెరువు మట్టే అది. గని కింది దవడ ఇంకింత ముందుకు రావాలె. కొర్రమట్టకు గట్లుండది."

ఫోటో తీసి పక్కన పెట్టి చూసుకున్నాను. నిజమే, అర అంగుళం తక్కువుంది. పొద్దున్నే స్టోన్ ముఖాన్ని మళ్లీ స్టాండ్‌కు బిగించాను. గడ్డం దగ్గర కొత్త క్లే పెట్టాను.